పెరటికి రాత్రిపూట వస్తున్నదెవరు?

ప్రశ్న: ఏడాదిన్నర కిందట ఊరి చివర ఇల్లు కట్టుకున్నాం. ఇంటి వెనక పొదలు, చెట్లు, వాటి అవతల గుట్ట ఉన్నాయి. పెరట్లో కూరగాయలు వేశాను, రెండు జామ చెట్లు పెంచుతున్నాను. నెల రోజులుగా మనశ్శాంతి లేదు. పొద్దున లేచి చూస్తే బీన్స్ మొలకలు ఎవరో కత్తెరతో కత్తిరించినట్టు ఉంటున్నాయి. చిలగడదుంప మడి ఓ పక్కంతా తవ్వేసి ఉంది. పగలేమో కోతులొచ్చి జామకాయలు కొరికి పారేస్తున్నాయి. దిష్టిబొమ్మ పెట్టాను, పాత సీడీలు కట్టాను, మనకు వినపడని శబ్దంతో జంతువులను తరిమే మిషన్ అంటే అదీ కొన్నాను. దేనికీ లొంగడం లేదు. కంచె తీగకు కరెంటు పెట్టేస్తే పీడ వదులుతుందని మా వారు అంటున్నారు. పక్కింటివాళ్లు మందు పెట్టమంటున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. వాటిని చంపాలని లేదు, తోట వదులుకోవాలనీ లేదు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు:

అమ్మా,

మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ కరెంటు సంగతి. ఇంటి కరెంటును కంచె తీగకు కలపాలన్న ఆలోచన మీ వారు ఈ పూటే మానుకోవాలి. రాత్రి పెరట్లో ఏదో చప్పుడైందని చెప్పులు కూడా వేసుకోకుండా లేచి వెళ్లేది మీరే. బంతి పడిందని కంచె దగ్గరికి పరిగెత్తుకొచ్చేది పక్కింటి పిల్లాడే. తాకింది పందో మనిషో ఆ తీగకు తెలియదు. ఒంట్లోంచి 10 మిల్లీ ఆంపియర్లకు మించి కరెంటు పారితే కండరాలు బిగుసుకుపోతాయి, పట్టుకున్న తీగను వదలాలన్నా చెయ్యి రాదు. 100 మిల్లీ ఆంపియర్ల దగ్గర గుండె లయ తప్పి ప్రాణం పోవచ్చు. పాతకాలపు 60 వాట్ల బల్బు ఒకటి వెలగడానికి ఇంతకు రెట్టింపు పైనే కావాలంటే, ప్రాణం తీయడానికి ఎంత కొంచెం చాలో చూడండి.

సోలార్ ఫెన్సింగ్ అని పొలాల చుట్టూ వేస్తారు కదా, అదీ కరెంటే కదా అని మీ వారు అడగవచ్చు. అది వేరు. అందులో ఎనర్జైజర్ అనే పెట్టె ఉంటుంది. వోల్టేజి వేలల్లో ఉన్నా, సెకనుకు ఒక్కసారి, అదీ రెప్పపాటు కన్నా చాలా తక్కువ సేపు మాత్రమే దెబ్బ కొడుతుంది. మధ్యలో ఉండే ఆ విరామంలోనే జంతువైనా మనిషైనా వెనక్కి తగ్గగలుగుతారు. గోడలోని ప్లగ్గు నుంచి లాగిన తీగలో ఆ విరామం ఉండదు. ఒకవేళ అసలైన ఎనర్జైజర్ పెట్టించుకున్నా, పని తెలిసినవాళ్లతోనే పెట్టించాలి, హెచ్చరిక బోర్డులు కట్టాలి, మీ దగ్గర అందుకు అనుమతి కావాలేమో ముందే కనుక్కోవాలి. అయితే చిన్నపిల్లలు తిరిగే పెరటికి నేను దాన్ని సలహా ఇవ్వను. మీరు రాసిన దాన్ని బట్టి చూస్తే దాని అవసరం కూడా లేదు.

మందు విషయంలోనూ నా మాట అంతే. విషం తిన్న పందికొక్కు అక్కడికక్కడే చచ్చిపోదు. కొన్ని మందులకైతే రోజుల తరబడి తూలుతూ తిరుగుతుంది. ఆ స్థితిలో దాన్ని పట్టుకుని తిన్న గుడ్లగూబ చస్తుంది, పిల్లి చస్తుంది, కుక్క చస్తుంది. రాత్రంతా మీ పెరటి ఎలుకలను ఏరుకు తినే గుడ్లగూబను మీ చేతులతోనే పోగొట్టుకున్నట్టవుతుంది. పైగా చాలాచోట్ల అడవి జంతువులకు చట్టం రక్షణ ఉంది. వాటిని చంపినా పట్టినా కేసవుతుంది. చంపాలని లేదని మీరే రాశారు. ఆ మాట మీదే నిలబడండి, తోట దక్కించుకోవడానికి చంపక్కర్లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. జంతువులు రాకుండా ఏం చేయాలని మీరు ఒకే ప్రశ్న అడిగారు. కానీ మీ ఉత్తరంలో కనీసం మూడు రకాల జంతువులు కనిపిస్తున్నాయి. మొలకలు కత్తిరించేది ఒకటి, దుంపలు తవ్వేది ఇంకొకటి, పగలొచ్చే కోతులు వేరే. ఒకదాన్ని ఆపేది ఇంకొకదాన్ని ఆపదు. దిష్టిబొమ్మ, సీడీలు, మిషన్ అన్నీ పెట్టినా ఫలితం రాకపోవడానికి మొదటి కారణం ఇదే. రోగమేదో తెలియకుండానే మందు వేసినట్టయింది.

ఎవరో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పని ఒకటుంది. సాయంత్రం మడి చుట్టూ, గేటు దగ్గర, కంచె వెంబడి జానెడు వెడల్పున మట్టిని చదును చేసి, పైన సన్నటి ఇసుకో బూడిదో జల్లెడతో పలచగా చల్లండి. పొద్దున్నే నీళ్లు పెట్టకముందు, ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు వంగి చూడండి. ముందు రెండు పొడవాటి గుర్తులు పక్కపక్కన, వాటి వెనక రెండు చిన్న గుండ్రటి గుర్తులు ఒకదాని వెనక ఒకటి ఉంటే అది కుందేలు. వింతగా అనిపించవచ్చు గానీ, ముందున్న పొడవాటివే దాని వెనక కాళ్లు. గెంతినప్పుడు అవి ముందుకాళ్లను దాటి పడతాయి. రెండుగా చీలిన గిట్ట గుర్తులుంటే జింక జాతో పందో. పంది అయితే గిట్టల వెనక రెండు చిన్న చుక్కలు కూడా మెత్తటి మట్టిలో పడతాయి. నేలలో కన్నాలు, పక్కన వదులు మట్టి కుప్పలు ఉంటే చాలావరకు అవి పందికొక్కులో ఎలుకలో.

మొక్క మీద పంటిగాటు కూడా చాలా చెబుతుంది. మిగిలిన బీన్స్ కాండాన్ని ఒకటి తుంచి వెలుతురులో పట్టుకుని చూడండి. బ్లేడుతో ఏటవాలుగా కోసినట్టు నున్నగా ఉందా? కుందేలు. దానికి పైనా కిందా పదునైన ముందు పళ్లుంటాయి. చివర పీచుపీచుగా, లాగి తెంపినట్టు ఉందా? జింక. దానికి పైదవడలో ముందు పళ్లుండవు, అందుకని కొరకలేక పట్టి లాగుతుంది. మొలక తెగి పక్కనే పడి ఉండి, ఆకులు ఎవరూ తినకపోతే మాత్రం అది జంతువే కాదు. రాత్రిపూట మొదలు కొరికే పురుగు. మొక్క చుట్టూ మట్టిని అంగుళం లోతు వేలితో కెలికితే బూడిదరంగు పురుగు చుట్టలా ముడుచుకుని కనిపిస్తుంది. మీరు "కత్తెరతో కత్తిరించినట్టు" అని రాశారు, ఆకులు మిగిలాయో లేదో రాయలేదు. అది చూసుకుని గానీ కంచె కొనొద్దు. పురుగు కోసం ఎవరూ కంచె కట్టరు కదా.

ఇంకో మాట. అడవి జంతువు అనుకున్నది చాలాసార్లు ఎవరింటి మేకో, కట్టు విప్పుకున్న ఆవో అవుతుంది. గుర్తులు చూశాక అదే అని తేలితే, యజమానితో మర్యాదగా మాట్లాడటమే దానికి కంచె.

కుందేలు సంగతి నేను స్వయంగా చూసిందే. మూడేళ్ల కింద నా క్యాబేజీ నారు ఇలాగే పోయింది. చుట్టూ గోడ ఉంది, ఎలా వస్తోందో అర్థం కాలేదు. ఇసుక చల్లాక తెలిసింది, దర్జాగా గేటు కిందనుంచే వస్తోందని. గేటుకీ నేలకీ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే ఆ ఇనుప అంచుకు రెండు మూడు బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని గాలికి కదులుతున్నాయి. ఎదురుగా నేల నున్నగా అరిగి, చిన్న దారి పడిపోయింది. నెలల తరబడి గోడ మీద సీడీలు వేలాడదీసి, నేను గేటు కింద సందు చూడనే లేదు. ఒక చెక్కపలకను గేటు కింది అంచుకు బిగించాను. ఆ రాత్రి నుంచి నారు నిలబడింది. అందుకే చెబుతున్నాను, జంతువును భయపెట్టడం కన్నా దాని దారి వెతికి మూయడం ఎప్పుడూ మేలు.

దిష్టిబొమ్మ, సీడీలు, మెరిసే రిబ్బన్లు, రేడియో, లైటు, వీటన్నిటిదీ ఒకటే కథ. జంతువుకు కొత్త వస్తువంటే భయం. మొదటి నాలుగు రోజులు దూరంగా నిలబడి చూస్తుంది. ఐదో రోజు ఒక అడుగు ముందుకేస్తుంది. ఏ హానీ జరగలేదని రూఢి అయ్యాక దిష్టిబొమ్మ నీడలోనే కూర్చుని తింటుంది. అందుకని ఇవి అసలు పనికిరావని కాదు. కోతకు వారం రోజులే ఉందనుకోండి, ఆ వారం గడపడానికి పనికొస్తాయి. అప్పుడూ రెండు రోజులకోసారి చోటు మార్చాలి, బొమ్మ చొక్కా మార్చాలి. మీరు కొన్న మిషన్ మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు. మన చెవికి అందని శబ్దంతో జంతువులు పారిపోతాయని అమ్ముతారు గానీ, ఆ శబ్దం ఆకులకూ గోడలకూ తగిలి దూరం పోకుండానే ఆగిపోతుంది. వినపడినవాటికి కూడా త్వరలోనే అలవాటైపోతుంది. మనిషి కదలికను కనిపెట్టి వెలిగే లైటు లాగే, కదలికను పసిగట్టి ఒక్కసారిగా నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లున్నాయి. ఈ తరిమే పరికరాల్లో నాకు కాస్త నమ్మకమున్నది అదొక్కటే. ఎందుకంటే శబ్దం, కదలిక, తడి మూడూ ఒకేసారి మీద పడతాయి.

కాబట్టి మొలకలు తింటున్నది కుందేలే అని తేలితే వైర్ మెష్ కట్టండి. కన్నం అంగుళం మించకూడదు, పిల్ల కుందేలు అంతకన్నా పెద్ద కన్నంలోంచి దూరిపోతుంది. నేలపైన మూడడుగుల ఎత్తు చాలు. అసలు కీలకం నేల కింద ఉంది. మెష్‌ను అర అడుగు లోతుకు దించి, ఆ కింద ఇంకో అర అడుగు బయటివైపు వంచి పరిచి మట్టి కప్పాలి, పక్కనుంచి చూస్తే ఎల్ అక్షరంలా. తవ్వే జంతువు ఎప్పుడూ కంచె మొదట్లోనే తవ్వడం మొదలుపెడుతుంది. పంజాకు తీగ తగులుతుంది. పక్కకు జరిగి మళ్లీ అక్కడే తవ్వుతుంది, మళ్లీ తీగే. అడుగు వెనక్కి వెళ్లి తవ్వితే కిందనుంచి వచ్చేయవచ్చని దానికి తట్టదు. అందుకే వంపు బయటికే ఉండాలి. లోపలికి వంచితే చేసిన పనంతా వృథా. గేటు దగ్గర తవ్వడం కుదరదు కాబట్టి అక్కడ ఒక బండో పలకో పాతండి.

మొత్తం పెరటికి కట్టనక్కర్లేదు. ఇది చాలామంది పొరపాటు పడే చోటు. స్థలం చుట్టూ కంచె కట్టబోయి, ఖర్చు చూసి భయపడి, సగంలో వదిలేస్తారు. సగం కంచె లేనట్టే లెక్క. మొలకలున్న రెండు మడులకు మాత్రం పకడ్బందీగా కట్టండి. గుమ్మడి, పుదీనా లాంటివి బయటే ఉండనివ్వండి. ఘాటైన వాసన ఉన్న ఆకులను చాలా జంతువులు ఇష్టపడవు. ఆకలి ఎక్కువైనప్పుడు వాటినీ వదలవు, అది వేరే సంగతి.

కంచె మూసే ముందు లోపల ఏదీ లేదని చూసుకోండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో కుందేళ్లు పడమటి పొలాల్లోకి రాకుండా 1901లో కంచె మొదలుపెట్టి 1907లో పూర్తి చేశారు. పొడవు 1,833 కిలోమీటర్లు. అది పూర్తయ్యేసరికే కుందేళ్లు ఆ గీతను దాటి అవతల పిల్లల్ని పెట్టుకున్నాయి. మీ పెరట్లో కట్టెల కుప్ప కింద, నీళ్ల తొట్టి వెనక ఉన్న గుబురులో ఒక జత ఉంటే ఎంత మంచి మెష్ అయినా వాటికి కాపలాగానే పనిచేస్తుంది. ముందు ఆ గుబుర్లు ఖాళీ చేయండి. కుందేలు పిల్లలు కనిపిస్తే అవి పెరిగేదాకా ఆగండి, వెళ్లాకే మూయండి.

ఇక దుంపల మడి. ఇక్కడ ఇద్దరి మీద అనుమానం ఉంది. మట్టి నాగలి వేసినట్టు వెడల్పుగా, మడి అంచులు కూడా మిగలకుండా పెళ్లగించి ఉంటే అడవి పంది. ముట్టెతో ఎత్తి తిరగేస్తుంది. అలా కాకుండా అక్కడక్కడా గుంతలు, సగం కొరికిన దుంపలు, వాటి మీద ఉలితో చెక్కినట్టు వెడల్పాటి పంటిగాట్లు ఉంటే ఏదుపంది. నలుపు తెలుపు చారల ముల్లు ఒకటి దొరికితే ఇక సందేహమే లేదు. ఆ ముళ్లను అది బాణాల్లా విసురుతుందని చాలామంది నమ్ముతారు. విసరదు. తాకితే ఊడి గుచ్చుకుంటాయి, అంతే. కుక్కను ఉసిగొల్పితే మాత్రం దాని మూతి నిండా ముళ్లు దిగుతాయి, తర్వాత పశువుల డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. కుక్క కాపలా ఉండటం మంచిదే, మొరిగితే చాలు. రాత్రి దాన్ని కట్టేసో లోపలో ఉంచండి.

ఏదుపందికి ప్లాస్టిక్ వల అడ్డే కాదు, కొరికేస్తుంది. చెక్కనూ కొరుకుతుంది. తుప్పు పట్టని గట్టి ఇనుప మెష్ కావాలి, మొదట్లో చెప్పిన ఎల్ ఆకారంలోనే గానీ కనీసం అడుగు లోతున. పంది అయితే లోతు కన్నా బలం ముఖ్యం. అది దూకాలని చూడదు, కింది అంచుకు ముట్టె పెట్టి ఎత్తుతుంది. గుంజలు దగ్గరదగ్గరగా పాతి, మెష్ కింది అంచును నేలకు మేకుల్లాంటి ఇనుప కొక్కేలతో బిగించి, పైన బండరాళ్లు పేర్చండి. మందలుగా వచ్చే చోట ఇంటి స్థాయి కంచె ఆగదు. అప్పుడు అటవీ శాఖవాళ్లకు చెప్పడమే మేలు. పంది ఎదురైతే, అందులోనూ పిల్లలతో ఉన్న పంది ఎదురైతే, తరమబోవద్దు. దాని దారి వదిలి తలుపు వేసుకోండి. ఒక మడి దుంపల కోసం ఒంటి మీదికి తెచ్చుకోకూడదు.

జింకల గురించి మీరు రాయలేదు కాబట్టి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను, ఈ సమాధానం చదివే మరెవరికైనా పనికొస్తుంది. వాటికి కంచె ఎనిమిదడుగులైనా ఉండాలి. అంత ఎత్తు కుదరకపోతే నాలుగైదడుగుల కంచెలు రెండు, మధ్యలో నాలుగైదడుగుల దూరం వదిలి కట్టుకోవచ్చు. ఎత్తు దూకగలదు, దూరం దూకగలదు, రెండూ కలిపి ఒకేసారి దూకడానికి జింక వెనకాడుతుంది.

కోతులే అన్నిటికన్నా కష్టం. ఎక్కలేని కంచె లేదు, విప్పలేని ముడి లేదు. మీ భయాన్ని కూడా అవి చదివేస్తాయి. వాటి విషయంలో నేను చెప్పేది కంచె గురించి కాదు, లెక్క గురించి. ఒక చెట్టు దగ్గరికి రావడానికి గుంపు పడే శ్రమకు తగ్గ తిండి దొరికితే మళ్లీ వస్తుంది, దొరకకపోతే ఇంకో చోటు వెతుక్కుంటుంది. ఆ లెక్క మీరు మార్చాలి. జామకాయ గోళీ సైజు దాటగానే ఒక్కోదానికి గుడ్డ సంచి కట్టండి. గబ్బిలాల నుంచీ పండు ఈగ నుంచీ కూడా అదే కాపాడుతుంది. కాయ దోరగా ఉన్నప్పుడే కోసి ఇంట్లో పండనివ్వండి. జామ కోశాక కూడా మెత్తబడుతుంది, చెట్టు మీద పసుపు రంగు వచ్చేదాకా ఆగితే అది కోతులకు కబురు పంపినట్టే. కింద రాలినవి ఏ రోజువి ఆ రోజే తీసేయండి. చెత్తబుట్టకు గట్టి మూత, పైన బరువు పెట్టండి. పెంపుడు జంతువుల తిండి గిన్నె రాత్రి బయట వదలొద్దు. వంటింటి వ్యర్థాలు కంపోస్టులో వేస్తుంటే పైన ఎండాకులు మందంగా కప్పండి, వండిన పదార్థాలు అసలు వేయకండి.

ఇవన్నీ మీరొక్కరే చేస్తే సగమే ఫలితం. వీధిలో ఎవరో ఒకరు జాలిపడి రోజూ చేతికందిస్తుంటే గుంపు ఆ చుట్టుపక్కలే మకాం వేస్తుంది. ఆ మనిషి మంచివారే అయి ఉంటారు. వాళ్లతో గొడవ పెట్టుకోకుండా, చేతి తిండికి అలవాటుపడ్డ కోతే చివరకు పిల్లల చేతిలోంచి లాక్కుంటుందని, కరుస్తుందని నెమ్మదిగా చెప్పండి. కోతి ఎదురైనప్పుడు కళ్లలోకి కళ్లు పెట్టి చూడొద్దు, పళ్లు కనిపించేలా నవ్వొద్దు. రెండూ వాటి భాషలో సవాళ్లే. వెనక్కి తిరిగి పరిగెత్తకుండా మెల్లగా తప్పుకోండి. కరిచినా గీరినా ఆ గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి. రేబిస్ విషయంలో రేపు చూద్దాం అనే మాట ఉండకూడదు. అలాగే జంతువు కొరికి వదిలిన పండులో మంచి భాగం కోసుకుని తినే అలవాటు ఉంటే మానేయండి. పిల్లలకు గట్టిగా చెప్పండి.

కారం నీళ్లు చల్లమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. అది పూర్తిగా అబద్ధం కాదు. మిరపలోని మంటను కనిపెట్టే ఏర్పాటు పాలిచ్చే జంతువుల్లో దాదాపు అన్నిటికీ నోట్లో ఉంటుంది. దాన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది, ఆయనకు 2021లో నోబెల్ బహుమతి రావడానికి ఆ పనే ఒక కారణం. పక్షులకు మాత్రం ఆ మంట తెలియదు. అందుకే చిలుక పచ్చిమిర్చిని హాయిగా తింటుంది. కాబట్టి కారం నీళ్లు కుందేలు మీద పనిచేయవచ్చు, పిట్టల మీద పనిచేయవు. వాన పడితే కొట్టుకుపోతాయి, కొత్తగా వచ్చిన ఆకు మీద ఉండవు. వారానికోసారి చల్లాలి, తినే ఆకుల మీద కోతకు ముందు చల్లకూడదు. చల్లేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని, గాలి ఎటునుంచి వస్తోందో అటు వీపు పెట్టి నిలబడండి. కుళ్లిన గుడ్డు వాసన జింకలను కొంతకాలం దూరం పెడుతుంది. మాంసం తినే జంతువేదో చుట్టుపక్కల ఉందని అనుకుంటాయి. నాఫ్తలీన్ ఉండలు మాత్రం వేయొద్దు. అవి నేలలోకి దిగే విషం, చూడటానికి పిప్పరమెంటు బిళ్లల్లా ఉంటాయి కాబట్టి పిల్లలకూ ప్రమాదం.

వల కప్పాలనుకుంటే చేపల వలలాంటి వదులు వల వాడొద్దు. పాములు, పిట్టలు, గబ్బిలాలు అందులో చిక్కుకుని గంటల తరబడి కొట్టుకుని చస్తాయి. కన్నంలో మీ చిటికెన వేలు దూరకపోతే ఆ వల సరైనది. దాన్ని చెట్టు మీద ఊరికే పరచకుండా, ఒక చట్రం కట్టి బిగుతుగా లాగి కట్టండి, తెల్లటిది అయితే రాత్రి కూడా జంతువులకు కనిపిస్తుంది. రోజుకొకసారి చుట్టూ తిరిగి చూడండి. ఏదైనా చిక్కుకుంటే మీరు విప్పబోయి కరిపించుకోవద్దు, పాములు పట్టేవాళ్లనో అటవీ శాఖవాళ్లనో పిలవండి.

బోనులో పట్టి దూరంగా వదిలేద్దామనే మాట కూడా వస్తుంది, అందులో దయ ఉన్నట్టు అనిపిస్తుంది కాబట్టి దాని గురించీ చెప్పాలి. తెలియని చోట వదిలిన జంతువుకు నీళ్లెక్కడో తెలియదు, దాక్కునే చోటు తెలియదు, అక్కడ ముందే ఉన్నవి దాన్ని తరుముతాయి. చాలావరకు బతకవు. పట్టింది తల్లి అయితే మీ పెరటి పొదలో దాని పిల్లలు ఆకలితో చస్తాయి. పైగా ఖాళీ అయిన చోటుకు వారంలో ఇంకోటి వస్తుంది, ఎందుకంటే మీ బీన్స్ అక్కడే ఉన్నాయి.

ఈ వారం మీరు చేయాల్సిన పని ఇంతే. ఈ రాత్రి ఇసుక చల్లండి. వరసగా మూడు రాత్రులు చూడండి, ఒక్క రాత్రి చూసి నిర్ణయానికి రావద్దు. గుర్తుల పక్కన ఒక అగ్గిపెట్టె పెట్టి ఫోన్‌లో ఫొటో తీసుకోండి, సైజు తెలుస్తుంది. మీ వారిని కూడా పొద్దున్నే పిలిచి చూపించండి. కరెంటు పెట్టేద్దామన్న మనిషికి ఆ చిన్న పాదాల గుర్తులు చూస్తే కోపం చాలావరకు దిగిపోతుంది, గేటు కింద పలక బిగించే పని ఆయనే చేతిలోకి తీసుకుంటారు.

ఇక మిగిలిన బీన్స్. తెగిన మొక్కలన్నీ పీకేయకండి. మొదట వచ్చిన ఆ రెండు మందపాటి పప్పుబద్దల పైన తెగి ఉంటే, బద్దల మొదట్లోంచి కొత్త చిగురు రావచ్చు, పది రోజులు చూడండి. వాటి కింద తెగితే ఇక లేవదు, ఆ గుంతలో కొత్త గింజ పెట్టండి. పెట్టిన ప్రతి గింజ మీదా ఒక తీగల బుట్టను బోర్లించి, పైన రాయి పెట్టండి. మొదలు కాస్త లావై ముదిరాక బుట్ట తీసేయవచ్చు. ఆ వయసులో కుందేలు దాని జోలికి అంతగా రాదు.